మార్కు పడిందా, పస తగ్గిందా? చిన్న తరగతి జంప్ హ్యాండీక్యాప్‌లలో గుర్రాన్ని చదివే పద్ధతి

ప్రశ్న క్లుప్తంగా ఇది: బ్రిటన్‌లో గుర్రాలు అడ్డంకులు దూకే జంప్ పందాల్లో, అంటే చిన్న అడ్డంకుల హర్డిల్, పెద్ద ఫెన్స్‌ల ఛేజ్ పందాల్లో, చిన్న తరగతులైన క్లాస్ 4, క్లాస్ 5 హ్యాండీక్యాప్‌లలో (సత్తాను బట్టి బరువు మోయించే పందాల్లో) తన సత్తాకు తగినదాని కంటే తక్కువ బరువు మోస్తున్న గుర్రాన్ని ఎలా పట్టుకోవాలి? చివరిసారి గెలిచినప్పటి మార్కు (మోసే బరువును నిర్ణయించే అధికారిక అంకె) కంటే ఇవాళ్టి మార్కు తక్కువుంటే దాన్నే ఎంచుకుంటున్నాను, అయినా గెలవడం లేదు, ఎందుకు?

ఆ జల్లెడకు కన్నాలు మరీ పెద్దవి. క్లాస్ 5 ఛేజ్‌లో దిగే గుర్రాల్లో చాలావరకు ఒకప్పుడు ఇంతకంటే పై మార్కుతో గెలిచినవే. అసలు వాటి మార్కు పడబట్టే ఆ తరగతికి వచ్చాయి. కాబట్టి మార్కు పడిందన్నది ఆ గుర్రం ఒక్కదాని ప్రత్యేకత కాదు, ఆ పందెంలో అందరికీ ఉన్న జబ్బు. చూడాల్సింది రెండు సంగతులు: మార్కు ఎందుకు పడింది, ఆ కారణం ఇవాళ తొలగిపోయిందా. రెండో దానికి అవునని చెప్పలేకపోతే మార్కు 20 పౌండ్లు పడినా ఆ గుర్రం మీకు పనికిరాదు.

మలక్‌పేట పందాలు చూసి అలవాటైనవాళ్ల కోసం లెక్క ఎలా నడుస్తుందో ముందు చెప్పాలి. అక్కడ కిలోలు, ఇక్కడ స్టోన్లు, పౌండ్లు. 14 పౌండ్లు ఒక స్టోన్. బ్రిటిష్ హార్స్‌రేసింగ్ అథారిటీ హ్యాండీక్యాపర్లు ప్రతి గుర్రానికీ ఒక మార్కు ఇస్తారు, ఒక మార్కుకు ఒక పౌండ్. క్లాస్ 5 అంటే దాదాపు 100 లేదా 105 మార్కు వరకు, క్లాస్ 4 అంటే 120 వరకు. 100 మార్కు గుర్రం 12 స్టోన్లు, అంటే 168 పౌండ్లు మోస్తుంటే, 84 మార్కు గుర్రం 16 పౌండ్లు తక్కువగా 10 స్టోన్ 12 పౌండ్లు మోస్తుంది. దాని మీద 7 పౌండ్ల రాయితీ ఉన్న కుర్ర జాకీ ఎక్కితే 10 స్టోన్ 5. ఒకే గుర్రానికి హర్డిల్స్‌కి ఒక మార్కు, ఫెన్స్‌లకి ఇంకో మార్కు ఉండొచ్చన్నది గుర్తుంచుకోండి, కింద దానితో చాలా పని ఉంది.

దూరానికీ బరువుకీ ఉన్న లెక్క జంప్ పందాల్లో సుమారుగా ఒక లెంగ్త్‌కు (గుర్రం ఒంటి పొడవుకు) ఒక పౌండ్. ఇది మంచి నేల మీద మాట. బురద నేల మీద అలసిపోయిన గుర్రాలు చివర్లో నడిచినంత పని చేస్తాయి, తేడాలు సాగిపోతాయి. హెవీ గోయింగ్‌లో, అంటే నేల బాగా బురదైనప్పుడు, 40 లెంగ్త్‌లు వెనకబడిన గుర్రం 40 పౌండ్లు తీసికట్టు కాదు. హ్యాండీక్యాపర్‌కీ ఈ సంగతి తెలుసు, ఆ తేడాలను కుదించే చూస్తాడు. చదివేవాళ్లే ఫామ్ అంకెలు చూసి బెదిరిపోతారు.

అడ్డంకుల్లేని ఫ్లాట్ పందెంతో పోలిస్తే ఇక్కడ ఒక పెద్ద తేడా ఉంది. ఛేజ్‌లో మొదటి రెండు మైళ్లలో కనీసం 12 ఫెన్స్‌లు, ఆ తర్వాత ప్రతి మైలుకూ కనీసం 6. మామూలు ఫెన్స్ ఎత్తు నాలుగున్నర అడుగులకు తగ్గదు. ఒక్క ఫెన్స్ దగ్గర తడబడితే రెండు నుంచి ఐదు లెంగ్త్‌లు పోతాయి. అలాంటి తడబాట్లు రెండు జరిగితే హ్యాండీక్యాపర్ ఇచ్చిన 7 పౌండ్ల వెసులుబాటు ఆవిరైపోతుంది. అందుకే ఛేజ్‌లో దూకడం రాని గుర్రానికి తక్కువ మార్కు అనేది వరం కాదు, అది ఉన్న సంగతిని అంకెలో చెప్పడమే. మార్కు దూకడం వల్ల పడిందని తెలిస్తే, దూకడం మెరుగైందనడానికి రుజువు కనబడేదాకా పక్కన పెట్టండి.

ఇక మార్కు పడే కారణాలు. నిజంగా పనికొచ్చేవాటిలో మొదటిది నేల. గట్టి నేల, అంటే గుడ్ గోయింగ్ కావలసిన గుర్రం నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా సాఫ్ట్ (మెత్తటి నేల), హెవీ మీద నాలుగు పందాలు పరిగెత్తిందనుకోండి. ప్రతిసారీ రెండేసి, మూడేసి పౌండ్లు దించుతూ పోతే మార్చి ఆఖరుకు 8 నుంచి 10 పౌండ్లు కిందికి వస్తుంది. ఏప్రిల్‌లో నేల ఆరాక, లేదా నీరు బాగా ఇంకే లడ్లో లాంటి కోర్సులో దిగితే, అది పాత గుర్రమే, మార్కు మాత్రం కొత్తది. దీనికి తిరగేసిన రూపం శరదృతువులో కనబడుతుంది: వేసవి జంపింగ్‌లో గట్టి నేల మీద కాళ్లు కొట్టుకుంటూ మార్కు పోగొట్టుకున్న బురద గుర్రం, అక్టోబర్ వానలతో మేలుకుంటుంది.

ఇందులో చాలామంది చేసే తప్పు, గుర్రం మొత్తం ఫామ్‌ని ఒకే వరుసగా చదవడం. కాగితం మీద నేల వారీగా విడగొట్టండి. సాఫ్ట్ మీద పరిగెత్తినవి ఒక నిలువు వరుస, గుడ్ మీద పరిగెత్తినవి ఇంకో వరుస. ఒక వరుసలో అన్నీ 6, 8, పుల్డ్ అప్‌లు (జాకీ మధ్యలోనే ఆపేసినవి), రెండో వరుసలో 1, 2, 3 కనబడితే ఆ గుర్రానికి అసలైన చివరి ఫామ్ మొన్నటి పందెం కాదు, ఆ రెండో వరుసలో అన్నిటికంటే ఇటీవలిది. నేల గురించి కోర్సువాళ్లు ఇచ్చే మాట ఒక్కటే చాలదు, పందాల టైములు చూడండి. గుడ్ టు సాఫ్ట్ అని ప్రకటించి, ప్రతి పందెం మామూలు టైము కంటే 20 సెకన్లు ఆలస్యమైతే అది సాఫ్టే. కాకపోతే రెయిల్ (కోర్సు అంచు కంచె) జరిపి దూరం పెంచారేమో కూడా చూసుకోవాలి, ఎన్ని గజాలు కలిసిందో ముందే ప్రకటిస్తారు. ఆ సంగతి మరచిపోయి టైములు పోలిస్తే లెక్క మొత్తం తప్పుతుంది.

రెండో కారణం దూరం. చిన్న తరగతిలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది, అన్నిటికంటే ఎక్కువమందిని ముంచేది కూడా ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

హర్డిల్స్‌లో హ్యాండీక్యాప్‌కి అర్హత రావడానికి ఒక గుర్రం మామూలుగా మూడు పందాలు పరిగెత్తాలి. ట్రైనర్ దాన్ని కొత్త గుర్రాల కోసం పెట్టే రెండు మైళ్ల నోవిస్ హర్డిల్స్‌లో మూడుసార్లు దింపుతాడు. తల్లిదండ్రుల వైపు నుంచి చూస్తే అది మూడు మైళ్ల గుర్రం. పెద్ద ఒళ్లు, నిదానం. పందెం వేగం అందుకోలేక మూడుసార్లూ 30, 45, 50 లెంగ్త్‌లు వెనక వస్తుంది. హ్యాండీక్యాపర్ 88 ఇస్తాడు. నాలుగో పందెం రెండు మైళ్ల ఏడు ఫర్లాంగుల హ్యాండీక్యాప్. అక్కడ అదే గుర్రం చివరి మలుపు దగ్గర అందరూ అలసిపోతుంటే హాయిగా ముందుకొస్తుంది. ఇందులో మోసమేమీ లేనక్కర్లేదు. కుర్ర గుర్రానికి తక్కువ దూరంలో అనుభవం ఇవ్వడం సహజమే. కానీ గుర్రానికి గెలిచే అవకాశం ఇవ్వకుండా నడిపితే స్టీవార్డులు (పందెం పర్యవేక్షకులు) పిలిచి అడుగుతారు, దానికి నిబంధనలు కఠినంగానే ఉన్నాయి.

అయితే ఇలా మూడుసార్లు వెనకబడి వచ్చే గుర్రాల్లో ఎక్కువభాగం, మూడు మైళ్లలోనూ నిదానంగానే ఉండే మామూలు నిదానపు గుర్రాలు. వేరు చేయడానికి ఆ మూడు పందాల రీప్లేలు చూడాలి, వేరే దారి లేదు. ఒక్క పందెంలోనైనా చివరి నుంచి మూడో హర్డిల్ దాకా జాకీ తొందరపెట్టకుండానే గుంపుతో సాగిందా? ఆఖరి హర్డిల్ తర్వాత అలసిన గుర్రాలను దాటుకుంటూ వచ్చిందా, లేక తనే ఆగిపోతూ వచ్చిందా? జాకీ చివర్లో చేతులు కదపకుండా కూర్చున్నాడా? మొదటి పందెం కంటే మూడోదానిలో దూకడం శుభ్రంగా ఉందా? ఈ నాలుగింటిలో రెండైనా ఉంటే ముందుకు వెళ్లండి. తర్వాత వంశం: ప్రెజెంటింగ్, మిలాన్, కేఫ్ తారా, ఫ్లెమెన్స్‌ఫర్త్ లాంటి మగ గుర్రాల సంతతి దూరం పెరిగేకొద్దీ మెరుగుపడుతుందన్నది అందరికీ తెలిసిన సంగతే. తల్లి వైపు కూడా చూడండి. తల్లి ఆరు ఫర్లాంగుల ఫ్లాట్ పరుగుగత్తె అయితే తండ్రి పేరు ఒక్కటే చూసి మూడు మైళ్లు నమ్మకూడదు. పాయింట్ టు పాయింట్‌లో (ఔత్సాహిక జాకీల జంప్ పందాల్లో) మూడు మైళ్లు గెలిచి వచ్చిందా అన్నది వంశం కంటే బలమైన సాక్ష్యం.

హ్యాండీక్యాపర్ కూడా వంశం చదువుతాడు, పాయింట్ టు పాయింట్ ఫలితాలు చూస్తాడు. మూడుసార్లు 50 లెంగ్త్‌లు వెనకబడిన గుర్రానికి 105 ఇచ్చాడంటే జాగ్రత్తపడ్డాడన్నమాట. అక్కడ మీకు మిగిలే వెసులుబాటు తక్కువ. 85, 90 దగ్గర మొదలైనదానికి ఎక్కువ.

దూరం పెంచే పందెంలో కోర్సు కూడా లెక్కలోకి వస్తుంది. ఫేకెన్‌హామ్, ప్లంప్టన్ లాంటి చుట్టుకొలత చిన్నదైన, మలుపులెక్కువున్న చోట మూడు మైళ్లు నడిచినా ఓపికకు పెట్టే పరీక్ష తక్కువే, మలుపుల్లో చురుకుతనం కావాలి. హెక్సమ్, కార్లైల్, ఎక్సెటర్ లాంటి ఎత్తుపల్లాల కోర్సుల్లో రెండున్నర మైళ్లు కూడా మూడు మైళ్లలా ఊపిరి తీస్తాయి. హెక్సమ్ సముద్రమట్టానికి దాదాపు 800 అడుగుల ఎత్తున ఉంది, ముగింపు ఎగువకు. పెద్ద ఒళ్లున్న నిదానపు గుర్రం మొదటిసారి దూరం పెంచి ఫేకెన్‌హామ్‌లో దిగి ఓడితే దాని మీద గీత గీసేయకండి. దాని మార్కు ఇంకో రెండు పౌండ్లు దిగుతుంది, అదే గుర్రం తర్వాత కార్లైల్‌కి వస్తే అప్పుడు చూడాలి.

కోర్సు దిశ కూడా మార్కును పాడుచేస్తుంది. కొన్ని గుర్రాలు ప్రతి ఫెన్స్ దగ్గరా ఎడమకి వాలి దూకుతాయి. అలాంటిది ఎక్సెటర్, హెరిఫోర్డ్, లడ్లో వంటి కుడిచేతి కోర్సుల్లో ప్రతి దూకుడుకీ దూరం పోగొట్టుకుంటుంది. న్యూటన్ ఆబట్, సెడ్జ్‌ఫీల్డ్ వంటి ఎడమచేతి కోర్సులో అదే వాలు లోపలి రెయిల్ వైపుకు తీసుకుపోతుంది కాబట్టి నష్టం లేదు. పందెం వ్యాఖ్యలో “ఎడమకి దూకింది” అన్న మాట రెండుసార్లు కనబడి, అవి రెండూ కుడిచేతి కోర్సులై, ఇవాళ ఎడమచేతి కోర్సైతే, అది నేల మారినంత పెద్ద కారణం. ఫాంట్‌వెల్‌లో ఛేజ్ కోర్సు 8 అంకె ఆకారంలో ఉంటుంది, హర్డిల్స్ మాత్రం ఎడమచేతి వైపు. ఫాంట్‌వెల్ ఫామ్ అని కలిపి చదివితే దెబ్బతింటారు.

ఇక రెండు మార్కుల సంగతి. హర్డిల్ మార్కు 95 దగ్గర ఆగిపోయిన గుర్రం ఛేజ్‌లకి మారి అక్కడ మూడు గెలిచి 113కి చేరిందనుకోండి. హర్డిల్స్‌లో రెండేళ్లుగా దిగలేదు. ఒకరోజు మళ్లీ హర్డిల్ పందెంలో పేరు కనబడుతుంది. హ్యాండీక్యాపర్ ఆ పాత మార్కును కొంత పైకి లాగి ఉండొచ్చు, ముందు అది చూడండి. లాగకుండా 97, 98 దగ్గరే ఉంచితే, ఫెన్స్‌ల మీద చూపిన సత్తాలో సగం హర్డిల్స్‌కి పనికొచ్చినా మీకు వెసులుబాటు మిగులుతుంది. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఛేజ్‌లలో మెరుగుపడింది ఒళ్లు బలపడినందువల్లా, లేక ఫెన్స్‌లు దూకడంలో దానికున్న నేర్పు వల్లా? వయసు 6, 7 ఉన్నప్పుడు మెరుగుపడితే బలం వచ్చిందని అనుకోవచ్చు. నేర్పు వల్లైతే హర్డిల్స్‌లో ఆ లాభం ఉండదు. దీనికి తలకిందులు సంగతి, హర్డిల్ మార్కు 104, ఛేజ్ మార్కు 88 ఉన్న గుర్రం. ఛేజ్‌లో 16 పౌండ్లు లాభమని ఎగబడతారు. ఆ 16 పౌండ్లు దూకడం రాకపోవడానికి ఇచ్చిన రాయితీ. మొదటి రెండు ఫెన్స్‌లకే ఖర్చైపోతుంది.

శ్వాస విషయం. 2018 జనవరి నుంచి బ్రిటన్‌లో గుర్రానికి శ్వాసనాళం మీద శస్త్రచికిత్స చేయిస్తే ట్రైనర్ ప్రకటించాలి, రేస్‌కార్డులో పేరు పక్కన గుర్తు వస్తుంది. గొంతులో గాలి అందక, చివరి నుంచి రెండో హర్డిల్ దాకా బాగా వచ్చి ఒక్కసారిగా గోడకి గుద్దుకున్నట్టు ఆగిపోయిన గుర్రానికి ఈ ఆపరేషన్ అర్థవంతం. మొదటి నుంచీ వెనకే ఉన్నదానికి ఆపరేషన్ జరిగినా సత్తా కొత్తగా పుట్టుకురాదు. ఇదే రెండో, మూడో ఆపరేషన్ అయితే నమ్మకం అంతకంతకూ తగ్గాలి. నాలుక కట్టు, కళ్లకు బ్లింకర్లు, చెంపలకి ఉన్ని పట్టీలు మొదటిసారి వేసినప్పుడు కూడా ఇదే తర్కం: గుర్రం సోమరితనంతో ఆగిందా, అలసిపోయి ఆగిందా? సోమరికి పట్టీ పనికొస్తుంది. అలసినదానికి అది ఇంకాస్త వేగం పెంచి ఇంకాస్త ముందే అలసిపోయేలా చేస్తుంది.

గెలిచిన గుర్రం మీద వచ్చే పెనాల్టీ లెక్క వేరు. కొత్త మార్కులు ప్రతి మంగళవారం ప్రకటిస్తారు, అవి వారాంతం నుంచి అమలవుతాయి. మధ్యలో గెలిచిన గుర్రం మళ్లీ దిగితే పాత మార్కు మీద పెనాల్టీ కలుపుతారు, జంప్ పందాల్లో సాధారణంగా 7 పౌండ్లు. 85తో గెలిచిన గుర్రానికి కొత్త మార్కు 96 అని మంగళవారం తేలిందనుకోండి. గురువారం పందెంలో అది 92 మీద పరిగెత్తుతుంది, 4 పౌండ్లు కలిసొచ్చినట్టు. కొత్త మార్కు 90 మాత్రమే అయితే 2 పౌండ్లు నష్టం. ఈ తీసివేత చేయకుండా “పెనాల్టీతో దిగింది, ట్రైనర్ నమ్మకం” అనడం ఒట్టి మాట. పైగా నాలుగు రోజుల్లో మళ్లీ మూడు మైళ్లు బురదలో పరిగెత్తే ఓపిక ఉందా అన్నది ఏ మార్కూ చెప్పదు. మంచి నేల మీద ఒత్తిడి లేకుండా గెలిచినవాటికే ఇది సరిపోతుంది.

జాకీ రాయితీలో ఒక దొంగ లెక్క దాక్కుని ఉంటుంది. కండిషనల్ జాకీలకు, అంటే ఇంకా నేర్చుకుంటున్న కుర్ర జాకీలకు, 20 గెలుపుల దాకా 7 పౌండ్లు, 40 దాకా 5, 75 దాకా 3 రాయితీ. హ్యాండీక్యాపర్ మార్కు వేసేటప్పుడు సాధారణంగా ఈ రాయితీని లెక్కలోకి తీసుకోడు, అనుభవం లేని లోటుకి అది చెల్లు అనుకుంటాడు. కానీ 18 గెలుపులున్న చురుకైన కుర్రాడు నిజానికి 3 పౌండ్లే తక్కువ అనుకుంటే, మిగతా 4 పౌండ్లు ఉచితం. ఇప్పుడు చిక్కు ఎక్కడంటే, గుర్రం 85 మీద ఆ కుర్రాడితో గెలిచి, ఇవాళ 89 మీద పూర్తి అనుభవమున్న జాకీతో వస్తోంది. కాగితం మీద 4 పౌండ్లే పెరిగింది. వీపు మీద పెరిగింది 11. చివరి గెలుపు మార్కు రాసుకునేటప్పుడు పక్కనే ఆ రోజు రాయితీ ఎంతో కూడా రాసుకోండి. చాలామంది వాడే “గత గెలుపు మార్కు” పట్టికలు ఇక్కడే బోల్తా పడతాయి.

పై బరువు గురించి ఒక మాట. చిన్న తరగతి పందెంలో 12 స్టోన్లు మోసే గుర్రాన్ని చూసి జనం భయపడతారు. 97 మార్కు గుర్రం 115 దాకా ఉన్న పందెంలో తేలిక బరువుతో దిగినా, 100 దాకా ఉన్న పందెంలో పై బరువుతో దిగినా, దాని మార్కు అదే 97. మారింది ఎదుటివాళ్ల నాణ్యత. మిగతావన్నీ 72 నుంచి 85 మధ్య ఉన్న పందెంలో, పై తరగతి నుంచి మొదటిసారి దిగిన 97 గుర్రం బరువు వల్ల ఓడడం కంటే, ఇంకేదో లోపం వల్ల ఓడడమే ఎక్కువ. ఆ లోపం ఉందో లేదో చూసుకుంటే చాలు. అడుగు బరువు దగ్గర వేరే ఉచ్చు ఉంది: కనీస బరువుకి 70 మార్కు సరిపోయే పందెంలో 62 మార్కు గుర్రం దిగితే, అది తనకు తగినదానికంటే 8 పౌండ్లు ఎక్కువ మోస్తుంది. కార్డులో బరువు తక్కువగా కనబడుతుంది, నిజానికి ఆ పందెంలో అన్నిటికంటే అన్యాయమైపోయింది అదే.

ఆడ గుర్రాలకు నోవిస్ పందాల్లో మగవాటి కంటే 7 పౌండ్లు తక్కువ ఇస్తారు. హ్యాండీక్యాప్‌లో ఆ రాయితీ ఉండదు, మార్కులోనే అంతా కలిసి ఉంటుంది. నోవిస్‌లో ఫలానా గుర్రాన్ని రెండు లెంగ్త్‌లతో ఓడించిందని దానితో పోల్చేటప్పుడు ఆ 7 పౌండ్లు తీసివేయాలి. అలాగే ఐర్లండ్ మార్కు, బ్రిటన్ మార్కు ఒకే కొలబద్ద కాదు. ఐర్లండ్‌లో 92 ఉన్న గుర్రానికి బ్రిటన్‌లో ఇంకో అంకె రావొచ్చు. ఇక్కడి పందెంలో ఇక్కడి అంకెనే చూడండి. రేసింగ్ పోస్ట్ పత్రిక వాళ్ల రేటింగులనూ అధికారిక మార్కునూ ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి “12 పౌండ్లు లాభం” అనడం కూడా ఇదే కోవలోని తప్పు. ఒకే సంస్థ అంకెలను గుర్రానికీ గుర్రానికీ మధ్య పోల్చుకోవచ్చు, రెండు సంస్థల కొలబద్దలను కలపకూడదు.

ఫామ్ అంకెల్లో ఎఫ్ (గుర్రం పడింది), యు (జాకీ జారిపడ్డాడు), పి (పుల్డ్ అప్) అక్షరాలను ఒకే గాటన కట్టకండి. చివరి నుంచి రెండో ఫెన్స్ దగ్గర ముందుండి పడిపోయిన గుర్రానికి మార్కు దిగదు. హ్యాండీక్యాపర్ అది ఎక్కడ ముగించేదో అంచనా వేసి ఒక్కోసారి పెంచుతాడు కూడా. మొదటి ఫెన్స్ దగ్గర జాకీ జారిపడితే ఆ పందెం లేనట్టే లెక్క. పుల్డ్ అప్‌లు వరసగా మూడు ఉంటే మాత్రం మార్కు ఎంత దిగినా దూరంగా ఉండండి. నడుము నొప్పో, ముక్కు నుంచి రక్తమో, శ్వాసో, బయటికి చెప్పని ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని వదిలేసి మళ్లీ చూడాల్సింది విరామం తర్వాత, ట్రైనర్ మారాక, లేదా ఆపరేషన్ గుర్తు కనబడినప్పుడు.

వరసగా 2, 3, 2, 2 వచ్చే గుర్రం అందరికీ ముద్దొస్తుంది. దాని మార్కు ఎప్పటికీ దిగదు, ఒక్కోసారి ఒక పౌండ్ పెరుగుతుంది. గెలవడం ఇష్టం లేకనో, ముందుకొచ్చాక ఒంటరిగా పరిగెత్తడం ఇష్టం లేకనో అలా ఆగుతుంది. హ్యాండీక్యాపర్ దానికి సరిగ్గా తూకం వేశాడు. వెసులుబాటు అక్కడ లేదు. 7, 5, 6, 4 అని మెల్లగా పైకి వస్తూ, మార్కు మాత్రం కిందికి పోతున్న గుర్రం దగ్గర ఉంటుంది.

వయసు చూడండి. 8 నుంచి 10 ఏళ్ల ఛేజర్ మార్కు పడి మళ్లీ లేవడం మామూలే. 12 దాటినదానికి మార్కు పడితే అది ప్రకృతి చేసే పని. ట్రైనర్ గుర్రాలు గత రెండు వారాల్లో ఎలా పరిగెత్తాయో చూడండి. చిన్న లాయాల్లో వైరస్ తగిలితే నెల రోజులు ఒక్కటీ సరిగ్గా పరిగెత్తదు, ఆ నెలలో పడిన మార్కులు అన్నీ కలిసొచ్చేవే. లాయం కోలుకుందనడానికి గుర్తు అదే లాయంలోని ఇంకో రెండు గుర్రాలు అంచనా కంటే మెరుగ్గా పరిగెత్తడం. అప్పుడు ఆ నెలలో ఓడిన వాటన్నిటి జాబితా తీసి ఎదురుచూడాలి. చాలా ఓపిక కావాల్సిన పని, అందుకే తక్కువమంది చేస్తారు.

దూరం నుంచి తీసుకొచ్చిన గుర్రాల గురించి అతిగా చెబుతారు. ఊరకే రారు మహానుభావులు అన్న సామెత గుర్రాల విషయంలో అన్నిసార్లూ చెల్లదు. కార్ట్‌మెల్‌కి దేశం ఆ కొస నుంచి ఒక్క గుర్రాన్ని తెచ్చారంటే గెలుపు మీద నమ్మకమే కానక్కర్లేదు. ఓనరు సెలవు గడపడానికి వచ్చి ఉండొచ్చు, ఆ ఊరి స్టికీ టాఫీ పుడ్డింగ్‌కి పేరుంది మరి. దూరం ప్రయాణం, మంచి జాకీ, నేల, దూరం నాలుగూ కలిస్తేనే దానికి విలువ. దాచిపెట్టిన గుర్రాల కథల్లో పెద్దది 1975 జూన్ 26న ఐర్లండ్‌లోని బెల్యూస్‌టౌన్‌లో బార్నీ కర్లీ గుర్రం యెల్లో శామ్ 20-1 ధర (ఒకటికి ఇరవై) మీద గెలిచిన హర్డిల్ పందెం. కోర్సులోని ఒక్క ఫోన్‌నూ పందెం మొదలయ్యేదాకా ఎవరికీ దక్కకుండా పట్టుకున్న టెలిఫోన్ బూత్ కథే అందరూ చెప్పుకుంటారు. హ్యాండీక్యాప్ చదివేవాడికి దానిలో ఆసక్తికరమైన సంగతి, ఆ గుర్రం అంతకుముందు దానికి నప్పని పరిస్థితుల్లో పరిగెత్తి ఓడుతూ రావడమే.

ఒక ఊహా పందెం తీసుకుని పని ఎలా చేయాలో చూద్దాం. క్లాస్ 5 ఛేజ్, రెండు మైళ్ల నాలుగు ఫర్లాంగులు, సాఫ్ట్, కార్లైల్, తొమ్మిది గుర్రాలు. ఖాయమైన జాబితా ముందురోజు ఉదయం 10 గంటలకు వస్తుంది. ప్రతి గుర్రానికీ ఐదు అంకెలు రాయండి: ఇవాళ్టి మార్కు, చివరి గెలుపు మార్కు రాయితీ తీసి, గత 12 నెలల్లో చూపిన అత్యుత్తమ పరుగు ఎంత మార్కుకి సరిపోతుందో, హర్డిల్ మార్కు, విరామం ఎన్ని రోజులు. మూడో అంకె ముఖ్యం. రెండేళ్ల కిందటి గెలుపు కంటే నిరుడు డిసెంబర్‌లో 93 మీద ఒకటిన్నర లెంగ్త్‌తో మూడో స్థానం రావడం బలమైన సాక్ష్యం. తొమ్మిదిలో ఆ అంకె ఇవాళ్టి మార్కు కంటే 5 పౌండ్లు ఎక్కువున్నవి రెండో మూడో మిగులుతాయి.

వాటిలో మొదటిది 84 మీద ఉంది, అత్యుత్తమం 93. ఆ 93 గుడ్ నేల మీద, ఇవాళ సాఫ్ట్. కారణం ఇంకా తొలగలేదు, వదిలేయండి, నేల ఆరేదాకా పేరు రాసిపెట్టుకోండి. రెండోది 88 మీద ఉంది, అత్యుత్తమం 94, సాఫ్ట్ మీదే, ఎత్తున్న కోర్సులో. గత మూడు ఓటములు రెండు మైళ్ల చదును కోర్సుల్లో. ఇవాళ దూరం, నేల, కోర్సు మూడూ కలిశాయి. ఇక ఆ 94 వచ్చిన పందెంలో వెనకబడిన గుర్రాలు తర్వాత ఎలా పరిగెత్తాయో చూడండి. మూడు, నాలుగు, ఐదో స్థానాలు తర్వాత తమ మార్కులకు తగ్గట్టు పరిగెత్తి ఉంటే ఆ 94 నిలబడుతుంది. అవన్నీ ఆ తర్వాత చతికిలబడితే, హ్యాండీక్యాపర్ ఆ పందెంలో కొలతగా పెట్టుకున్న గుర్రమే తప్పుగా పరిగెత్తిందన్నమాట, 94 నిజానికి 87 కావచ్చు. మీ 6 పౌండ్ల లాభం అక్కడితో సరి. ఈ చివరి పరీక్షకే అందరికంటే ఎక్కువ సమయం పెట్టాలి. హ్యాండీక్యాపర్ తప్పు చేసే చోటు ఇదే, మీరూ తప్పు చేసే చోటు ఇదే.

అన్నీ కలిసినా ధర చూడాలి. 6 పౌండ్ల వెసులుబాటున్న గుర్రం 6-4 మీద నిలబడితే మార్కెట్ మీకంటే ముందే చదివేసింది. 10-1 ఉంటే ఎందుకుందో ఇంకోసారి వెతకండి. ఏదైనా వదిలేశామా అన్న అనుమానానికి అదే మంచి అలారం. ఇక తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ఆన్‌లైన్ పందాలు నిషేధం కాబట్టి, అక్కడి నుంచి చూసేవాళ్లు దీన్ని కాగితం మీద ఊహించి, మర్నాడు ఫలితంతో సరిచూసుకునే లెక్కగానే ఉంచుకోవాలి. రోజుకు ఒక్క పందెం, పైన చెప్పిన ఐదు అంకెలతో ఓ నలభై రోజులు రాస్తే, మీ అంచనా నేల దగ్గర తప్పుతోందా, దూరం దగ్గరా, దూకడం దగ్గరా అన్నది ఆ పుస్తకంలోనే తేలుతుంది.